బడి విడిచిన తర్వాతి గంటలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడి వేళల తర్వాత, వేసవి సెలవుల్లో పిల్లల కోసం నడిచే కేంద్రాల్లో పనిచేస్తున్నవారు రాసినవే. ఇరవై ఏళ్ళకు పైగా అదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈసారి ఈ శీర్షిక మొత్తాన్ని వారికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు, వివరాలు ఇవ్వడం లేదు.

ప్రశ్న: డిగ్రీ పూర్తయ్యాక ఎనిమిది నెలల క్రితం బడి తర్వాతి కేంద్రంలో చేరాను. పది నుంచి పన్నెండేళ్ళ వయసున్న పద్ధెనిమిది మంది పిల్లలు నా గ్రూపులో ఉన్నారు. మా బంధువులు నా ఉద్యోగాన్ని ‘పిల్లల్ని ఆడించే పని’ అంటారు. తల్లిదండ్రులేమో హోంవర్క్ అయిందా అని తప్ప మరేమీ అడగరు. నేను టీచరును కాను, కోచ్‌ను కాను, సంరక్షకురాలిని కూడా కాను. మరి నేనెవరిని? ఇది జీవితాంతం చేయదగిన వృత్తేనా?

జవాబు: ఈ పనిలో చేరిన కొత్తలో ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే నేనూ ‘పిల్లలతో పని’ అని నసిగి ఊరుకునేదాన్ని. అందుకే మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను.

మీ పని నిన్నమొన్న పుట్టింది కాదు. 1860లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో మేరీ గుడ్విన్, ఆలిస్ గుడ్విన్, ఎలిజబెత్ హామర్స్‌లీ అనే ముగ్గురు మహిళలు, వీధుల్లో తిరిగే మగపిల్లలకు సాయంత్రాలు గడపడానికి ఒక మంచి చోటు ఉండాలని క్లబ్బు ప్రారంభించారు. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ తెరిచిన హల్ హౌస్ అనే సేవాకేంద్రంలోనూ పిల్లల క్లబ్బులు నడిచాయి. ఆ రోజుల్లో ఇలాంటి చోట్ల ఉద్దేశం ప్రధానంగా పిల్లలు చెడుదారి పట్టకుండా కాపాడటమే. ఇరవయ్యో శతాబ్దం ముగిసే నాటికి ఈ రంగంలోని వారి ఆలోచన చాలా మారింది. పిల్లల్లో లోపాలను వెతికి సరిదిద్దడం కన్నా వారిలో ఉన్న శక్తులను గుర్తించి పెంచడం ముఖ్యమని, అందుకు శిక్షణ పొందిన పెద్దలు కావాలని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. యువజన వికాసం అని మనం ఇప్పుడు పిలిచేది దాన్నే.

ఇక మీరెవరన్న మాట. టీచరు చేతిలో మార్కులున్నాయి, తల్లిదండ్రులకు ఇంటి అధికారముంది. మీకు ఆ రెండూ లేవు. బడి మానితే అడిగేవారుంటారు గానీ, చాలాచోట్ల మీ కేంద్రానికి రాకపోతే పిల్లవాడికి పోయేదేమీ లేదు. రేపు వాడు మళ్ళీ రావాలంటే ఇవాళ మీ గదిలో వాడికంటూ ఒక చోటు దొరకాలి. మన పనిలోని కష్టమంతా ఇందులోనే ఉంది, గౌరవమూ ఇందులోనే ఉంది.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి అనేక ఇబ్బందుల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది సమర్థులైన, ఇతరులను పట్టించుకునే మనుషులుగా ఎదిగారు. అలా ఎదిగినవారి జీవితాల్లో పదేపదే కనిపించిన అంశాల్లో ఒకటి, వారిని ఉన్నది ఉన్నట్టుగా ఆదరించి నిలకడగా వెంట ఉన్న కనీసం ఒక పెద్ద మనిషి. ఆ మనిషి తల్లో తండ్రో కానవసరం లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి మొదటి తొమ్మిది రోజులూ బ్యాగు భుజాన్నుంచి దించకుండా తలుపు పక్కనే కూర్చుంది. ఆటకు పిలిస్తే తల అడ్డంగా ఊపేది. పదో రోజున రంగుల అలమారా తాళంచెవి ఆమె చేతికిచ్చి, ‘అందరికీ కుంచెలు నువ్వే లెక్కపెట్టి ఇచ్చి, సాయంత్రం మళ్ళీ లెక్కపెట్టి లోపల పెట్టాలి’ అని చెప్పాను. కుంచెలు ఇరవై నాలుగు. తాళం తీయడానికి రెండు చేతులూ కావలసి వచ్చి ఆమె బ్యాగు కింద పెట్టింది. మరుసటి వారం ఒక కుంచె తక్కువైతే గదంతా వెతికించి గానీ ఎవరినీ ఇంటికి కదలనివ్వలేదు. తాళంచెవి ఇవ్వడానికి నాకు పట్టింది అర నిమిషం. ఏ పని ఆమె చేతికివ్వాలో తెలుసుకోవడానికి మాత్రం తొమ్మిది రోజులు ఆమెను చూస్తూ ఉండవలసి వచ్చింది. అలా చూడటం నేర్చుకున్నవారు వృత్తినిపుణులే, ఎవరు ఏ పేరుతో పిలిచినా సరే.

తల్లిదండ్రులతో చెప్పే మాటను కూడా మార్చండి. ‘హోంవర్క్ అయింది’ అని ఆపేయకుండా, ‘ఇవాళ మీ అబ్బాయి కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఆట నియమాలు ఓపికగా మూడుసార్లు చెప్పాడు’ అని కళ్ళతో చూసిన ఒక్క సంగతి చెప్పి పంపండి. నెల తిరిగేసరికి వాళ్ళు అడిగే ప్రశ్న మారడం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: బడి నుంచి రాగానే పిల్లలు అరుపులు, తోపులాటలతో గదిని అల్లకల్లోలం చేస్తారు. గట్టిగా గద్దిస్తే కుదురుగా కూర్చుంటారు గానీ, నేను కాస్త అటు తిరిగితే చాలు మళ్ళీ మామూలే. మా కోఆర్డినేటర్ ఇంకా కఠినంగా ఉండమంటారు. నా సహోద్యోగి వాళ్ళ మానాన వాళ్ళను వదిలేయమంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినవద్దు. మీరు రాసిన పరిస్థితినే కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే పరిశోధకులు అమెరికాలోని అయోవాలో దాదాపు ఇలాగే ఏర్పాటు చేసి చూశారు. వారి వ్యాసం 1939లో వెలువడింది. పదేళ్ళ మగపిల్లలను చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, బడి అయ్యాక మాస్కుల తయారీ వంటి పనులు చేయించారు. ఒక తరహా నాయకుడు ప్రతి అడుగూ తానే ఆజ్ఞాపించేవాడు. మరొకడు పిల్లలతో చర్చించి, దారులు చూపి, ఎంపిక వారికే వదిలేవాడు. మూడోవాడు ఏమీ పట్టించుకోకుండా పక్కన ఉండిపోయేవాడు. పట్టించుకోని నాయకుడి దగ్గర పని అంతంతమాత్రంగానే సాగింది. ఆజ్ఞాపించే నాయకుడి ఎదుట పిల్లలు బాగానే పనిచేశారు గానీ, అతడు గది దాటగానే పని చాలావరకు ఆగిపోయింది. చర్చించే నాయకుడు బయటికి వెళ్ళినా అతని క్లబ్బులో పని దాదాపు అలాగే సాగింది.

మీరు అటు తిరిగినప్పుడు జరుగుతున్నది అదే. అందువల్ల ‘నేను చూస్తుండగా ఎలా ఉన్నారు’ అని కాకుండా ‘నేను కలగజేసుకోనప్పుడు ఏం చేస్తున్నారు’ అన్నదాన్ని మీ పనికి కొలతగా పెట్టుకోండి. పిల్లలను ఒంటరిగా వదిలి వెళ్ళమని నేను చెప్పడం లేదు, అలా ఎన్నడూ చేయకూడదు. వారానికోసారి పది నిమిషాలు గదిలోనే ఒక మూల కూర్చొని, అపాయం ఏర్పడితే తప్ప నోరు మెదపకుండా చూడండి. ఎవరు ఎవరిని అడుగుతున్నారో, ఎవరి మాట చెల్లుతోందో, ఎవరు ఖాళీగా మిగిలిపోతున్నారో కాగితం మీద రాసుకోండి.

రాగానే జరిగే గోలకు కారణం వేరు. పొద్దున్నుంచి బెంచీల మీద కదలకుండా కూర్చొని, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మంచినీళ్ళు తాగాలో కూడా ఇతరులు చెబితే చేసి వచ్చిన పిల్లలు వాళ్ళు. అటువంటివారిని గడప దాటగానే మళ్ళీ వరుసలో కూర్చోబెట్టి హోంవర్క్ పుస్తకాలు తెరవమంటే ఎవరి వల్లా కాదు. మొదటి ఇరవై నిమిషాలు ఏమైనా తినడానికి, పరుగెత్తడానికి, ఊరికే కూర్చోవడానికి వదిలేయండి. కానీ ఆ ఇరవై నిమిషాలూ మీరు తలుపు దగ్గరే ఉండాలి. ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించి, నిన్న చెప్పిన సంగతి ఒకటి గుర్తుచేయండి: ‘పంటి నొప్పి తగ్గిందా?’ ‘చెల్లి నీ పుస్తకం తిరిగి ఇచ్చిందా?’ మాట పెగలని పిల్లవాడు, కళ్ళు ఎర్రబడ్డ పిల్ల అక్కడే మీకు దొరుకుతారు. గోల ముదిరాక వాళ్ళను గుర్తుపట్టడం కష్టం.

తర్వాతి కార్యక్రమానికి మాత్రం ఒక క్రమం ఉండాలి. జోసెఫ్ డర్లాక్, రోజర్ వైస్‌బర్గ్, మోలీ పచాన్ 2010లో ప్రచురించిన సమీక్షలో, పిల్లల వ్యక్తిగత, సామాజిక నైపుణ్యాలను పెంచాలనుకున్న బడి తర్వాతి కార్యక్రమాల్లో కొన్నే ఫలించాయని తేలింది. ఒక మెట్టు తర్వాత ఒక మెట్టుగా సాగేవి, పిల్లల చేత చేయించేవి, నైపుణ్యాలకంటూ విడిగా సమయం కేటాయించేవి, ఏ నైపుణ్యం నేర్పదలచామో స్పష్టంగా తెలిసినవి ఫలించాయి. ఈ నాలుగింటిలో ఆఖరిదాన్నే మనం ఎక్కువగా మరిచిపోతాం. అట్టముక్కలతో వంతెన కట్టించేటప్పుడు మీరు నేర్పదలచింది కొలతలనా, లేక కూలిపోయాక పక్కవాణ్ణి నిందించకుండా మళ్ళీ మొదలుపెట్టడాన్నా? రెండోదైతే ఆ వంతెన కనీసం ఒక్కసారి కూలేటంత కష్టంగా ఉండాలి. అది కూలిన క్షణంలో మీరు పరుగెత్తుకెళ్ళి నిలబెట్టకూడదు.

ప్రశ్న: మా కేంద్రంలో ప్రతి పనికీ స్టిక్కర్లు, వారాంతంలో బహుమతులు ఇస్తాం. ఇప్పుడు పిల్లలు ఏ పని చెప్పినా ‘ఏమిస్తారు?’ అని అడుగుతున్నారు. మానేయాలా?

జవాబు: పిల్లలు ఎలాగూ ఇష్టపడే పనులకు మానేయండి. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం సహజంగా ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొద్దిరోజుల తర్వాత వాళ్ళు ఖాళీ సమయంలో బొమ్మలు వేయడం మిగతావారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గింది. ముందుగా చెప్పకుండా అదే పత్రం ఇచ్చిన పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు. అయితే అలవాటు పడ్డ పిల్లలకు ఒక్కరోజులో అన్నీ ఆపేస్తే శిక్షలా ఉంటుంది కాబట్టి, ఈ మార్పు ఎందుకో వాళ్ళకే చెప్పి నెమ్మదిగా తగ్గించండి. బహుమతి స్థానంలో వివరమైన మాట ఉండాలి. ‘భలే వేశావు’ అనడం కన్నా ‘నీడను నీలం రంగుతో వేయాలని ఎలా తోచింది?’ అని అడగడం మేలు, ఎందుకంటే ఆ ప్రశ్నకు పిల్లవాడు జవాబు చెబుతూ తన పనిని తానే మళ్ళీ చూసుకుంటాడు.

ప్రశ్న: పోయిన వేసవి శిబిరంలో పిల్లలను రెండు జట్లుగా చేసి నాలుగు వారాలూ పోటీలు పెట్టాం. మొదట్లో ఉత్సాహంగా ఉన్నది మూడో వారానికి తిట్లు, వస్తువులు దాచేయడం, చివరికి చేయి చేసుకోవడం దాకా వెళ్ళింది. కలిసి కూర్చోబెట్టి మాట్లాడించినా లాభం లేకపోయింది. ఈ ఏడాది ఏం చేయాలి?

జవాబు: మీ పిల్లలు చెడ్డవారు కాదు, మీరు ఎంచుకున్న పద్ధతే వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళింది. 1954లో సామాజిక మనస్తత్వవేత్త ముజఫర్ షెరిఫ్ బృందం అమెరికాలోని ఓక్లహోమాలో రాబర్స్ కేవ్ అనేచోట వేసవి శిబిరం నడిపి, సుమారు పదకొండేళ్ళ మగపిల్లలను 22 మందిని రెండు జట్లుగా విడదీసి, తాడులాగుడు, బేస్‌బాల్ వంటి పోటీలు పెట్టింది. కొద్దిరోజుల్లోనే ఒకరి జెండాను మరొకరు కాల్చడం, ఒకరి గదులపై మరొకరు దాడి చేయడం మొదలైంది. ఉద్దేశపూర్వకంగా పిల్లల మధ్య వైరం పెంచిన ఆ ప్రయోగం చాలా విమర్శలకు గురైంది, ఇప్పుడు అలాంటిది చేయడానికి ఎవరూ అనుమతించరు, అనుమతించకూడదు కూడా. దాని నుంచి మనం నేర్చుకోవలసింది మాత్రం ఉంది.

రెండు జట్లనూ ఒకేచోట భోజనానికి కూర్చోబెడితే పగ తగ్గలేదు, తిండి విసురుకున్నారు. తగ్గింది ఎప్పుడంటే, శిబిరానికి నీళ్ళు రాకుండా పోయి, లోపం ఎక్కడుందో అందరూ కలిసి వెతకవలసి వచ్చినప్పుడు. ఆహారం తేవలసిన లారీ కదలకపోతే, అంతకుముందు ఒకరి మీద ఒకరు పోటీపడి లాగిన తాడుతోనే రెండు జట్లూ కలిసి ఆ లారీని లాగాయి. ఏ ఒక్క జట్టు వల్లా కాని పని, ఇద్దరికీ నిజంగా అవసరమైన పని ముందుకు రావాలి. మీరు కలిపి కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు ఫలితం లేకపోవడానికి కారణం, వాళ్ళ మధ్య కలిసి చేయవలసిన పని ఏదీ లేకపోవడమే.

ఇంతకన్నా నాకు ముఖ్యంగా తోచేది, అంత ప్రచారం పొందని మరో సంగతి. ఆ ముందు ఏడాది, 1953లో, అదే షెరిఫ్ నడిపిన శిబిరంలో పిల్లలను మొదట కలిసి ఉండనిచ్చి ఆ తర్వాత విడదీశారు. అప్పటికే స్నేహితులైపోయిన పిల్లల మధ్య ఆయన కోరుకున్న వైరం రగలలేదు, ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. కాబట్టి ఈ ఏడాది మొదటి వారం జట్లే వద్దు. ఆ వారంలో ఇద్దరేసి, ముగ్గురేసి కలిసే పనులు ఇచ్చి, రోజూ జతలు మార్చండి. రెండో వారం నుంచి జట్లు కట్టినా ఒక్కో ఆటకు ఒక్కో కూర్పు ఉండేలా చూడండి. నాలుగు వారాల పాటు పాయింట్లు కూడబెట్టే బోర్డును తీసివేయండి. పోటీ వద్దని నేను అనను, పిల్లలకు పోటీ ఇష్టం. సోమవారం ఓడినవాడు మంగళవారం నిన్నటి విజేత పక్కన నిలబడి ఆడేలా చూసుకుంటే చాలు.

ప్రశ్న: పదమూడేళ్ళ అమ్మాయి ఒకరు ‘మీకొక మాట చెబుతాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి’ అంది. నేను మాటిచ్చాను. ఇంట్లో ఒకరు తనను కొడుతున్నారని చెప్పింది. మూడు రోజులుగా నిద్ర లేదు. మాట తప్పితే ఇక నన్నెప్పటికీ నమ్మదేమో.

జవాబు: ఈ ఉత్తరానికి పత్రికలో అచ్చయ్యేదాకా ఆగకుండా వెంటనే విడిగా జవాబు పంపాను. ఇక్కడ మళ్ళీ రాయడం ఇతరుల కోసం.

పిల్లల భద్రతకు సంబంధించిన రహస్యాన్ని దాచే హక్కు మనకు లేదు. మీకు తెలిసిన రోజే మీ కేంద్రంలో పిల్లల రక్షణ బాధ్యత చూసేవారికి చెప్పాలి. చట్టప్రకారం అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత మీపై ఉంటే అదీ పూర్తిచేయాలి. ఆలస్యమైతే ఆలస్యమైందనే చెప్పండి, ఇంకొక రోజు ఆగవద్దు. అయితే ఆ అమ్మాయికి తెలియకుండా వెనకనుంచి చేయకండి. ముందుగా ఆమె దగ్గరికి వెళ్ళి, ‘ఎవరికీ చెప్పనని నేను మాటివ్వకుండా ఉండాల్సింది, అది నా పొరపాటు. నువ్వు చెప్పినదాన్ని నేను నమ్ముతున్నాను. నిన్ను కాపాడగలిగిన వాళ్ళకు ఇవాళ చెప్పబోతున్నాను, ఎవరికి చెబుతున్నానో నీకూ చెబుతాను’ అనండి. ఆమె కోపగించుకోవచ్చు. కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు కూడా. అయినా రోజూ అదే తలుపు దగ్గర అదే పలకరింపుతో ఉండండి.

ఆమె చెప్పిన మాటలను ఆమె మాటల్లోనే, తేదీ, సమయంతో సహా రాసిపెట్టండి. మీ ఊహలు, నిర్ధారణలు వాటితో కలపవద్దు. గుచ్చి గుచ్చి ప్రశ్నించడం, ఇంటివారిని నిలదీయడం, గాయాలను ఫొటోలు తీయడం మీ పని కాదు. వాటివల్ల పిల్లకు అపాయం పెరగవచ్చు, తర్వాతి విచారణా దెబ్బతినవచ్చు. మీరు వినాలి, నమ్మాలి, అందించాలి. ఇకముందు ఎవరైనా మాట తీసుకోబోతే ముందే చెప్పండి: ‘చాలా సంగతులు నా దగ్గరే ఉంచుకుంటాను. నీకు గానీ మరొకరికి గానీ హాని ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలవాళ్ళకు చెబుతాను.’ నా అనుభవంలో ఈ మాట విన్న పిల్లలు చాలామంది ఒక్క క్షణం ఆలోచించి, అయినా సరే చెబుతారు. నిజానికి వాళ్ళు అడుగుతున్నది రహస్యం దాచమని కాదు, తాము ఒంటరిగా మిగలకుండా చూడమని.

చివరగా మీ నిద్ర సంగతి. ఇటువంటి మాటలు విన్న మనిషికి తన మాట వినే పై అధికారి ఉండాలి. అలాంటి ఏర్పాటు లేకపోతే సంస్థను అడిగి చేయించుకోండి. అది అడగడం బలహీనత కాదు, ఈ ఉద్యోగానికి కావలసిన సదుపాయం.

ప్రశ్న: వేసవి కార్యక్రమం ఆఖరి రోజున పిల్లలు ఏడుస్తారు, నాకూ ఏడుపొస్తుంది. కొందరైతే చివరి వారమంతా కావాలని గొడవపడతారు. ఆ రోజును ఎలా నడపాలి?

జవాబు: చివరి వారంలో గొడవపడే పిల్లల్లో చాలామంది వీడ్కోలుకు భయపడేవారే. వదిలి వెళ్ళవలసిన చోటును ముందే చెడ్డదిగా చేసుకుంటే వెళ్ళడం తేలిక. అందుకే రెండు వారాల ముందు నుంచే ఎన్ని రోజులు మిగిలాయో గోడమీద రాసి ఉంచండి. మళ్ళీ కలుస్తామో లేదో తెలియనప్పుడు కలుస్తామని చెప్పవద్దు. ఆఖరి రోజున వేదిక, అతిథులు, ప్రసంగాలు తగ్గించి, పిల్లలు చేసినవాటిని వాళ్ళే ఒక్కొక్కటిగా గోడల నుంచి దించి, ఏది ఎవరికి ఇవ్వాలో వాళ్ళే తేల్చుకునేలా ఒక గంట కేటాయించండి. మీరు ఏడ్చినా ఫరవాలేదు, ఓదార్చే భారం మాత్రం పిల్లలపై పడకూడదు. ఆఖరి రోజుకు కొన్ని రోజుల ముందే ప్రతి ఒక్కరికీ నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. అందులో ఆ పిల్లవాడు మాత్రమే చేసిన ఒక పని తేదీతో సహా ఉండాలి. గ్రూపులో పద్ధెనిమిది మంది ఉంటే రాయడానికి మూడు సాయంత్రాలు పడుతుంది. ఎవరి గురించి రాయడానికి మీకేమీ తోచడం లేదో వారి పేరు మొదటి సాయంత్రమే తెలిసిపోతుంది. ఇంకా కొన్ని రోజులు మిగిలి ఉంటాయి కనుక, మర్నాడు ఉదయం ఆ పిల్ల పక్కనే కూర్చోండి.